ఆర్డర్ చెయ్యని బాక్సులకు నెలనెలా బిల్లు: ఈ సర్వీసుకు కార్డు నంబరు ఇచ్చే ముందు చదవండి

సబ్బులు, షాంపూ, టూత్‌పేస్టు, రేజర్ బ్లేడ్లు లాంటివన్నీ ఒక బాక్సులో సర్ది ఇంటికి పంపించే ఆన్‌లైన్ సర్వీసు గురించి ఈ రివ్యూ. పేరు రాయడం లేదు. నా కేసు ఇంకా బ్యాంకు దగ్గర నడుస్తోంది, పైగా ఇదే పద్ధతిలో బిల్లులు వేసే సర్వీసులు ఇంకా చాలా ఉన్నాయి, కాబట్టి పేరు కన్నా పద్ధతి తెలియడమే మీకు ఎక్కువ ఉపయోగం. సరుకు సంగతి ముందే చెప్పేస్తాను, బాగానే ఉంటుంది. సబ్బు మంచిది, ప్యాకింగ్ నీటుగా ఉంది, నేను ఆర్డర్ పెట్టిన బాక్సు చెప్పిన రోజుకే వచ్చింది. ఒక్క సరుకు మాత్రమే చూస్తే నాలుగు స్టార్లు ఇచ్చేదాన్ని. కానీ నేను అడిగింది ఒకే ఒక్క బాక్సు. ఆ తర్వాత నేను అడగని బాక్సులకు కూడా నెలనెలా నా కార్డు నుంచి డబ్బు లాగారు, వాటిలో ఒకటి అసలు మా గుమ్మం దాకా రానే లేదు. అందుకే ఒక్క స్టార్.

జరిగింది ఇదీ. ఆర్డర్ పేజీలో 'ఒక్కసారికి' అని ఒక బటన్, 'ప్రతి నెలా' అని ఒక బటన్ ఉన్నాయి. నేను 'ఒక్కసారికి' నొక్కాను, డబ్బు కట్టే పేజీలకు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకునే అలవాటుంది కాబట్టి అది నా దగ్గర భద్రంగా ఉంది. దాని కిందే కొత్త కస్టమర్లకు డిస్కౌంట్ అంటూ ఒక కూపన్ కనిపిస్తుంది, 'అప్లై' నొక్కితే రేటు తగ్గుతుంది, ఎవరైనా నొక్కుతారు. ఆ కూపన్ మెంబర్లకు మాత్రమేనని, వాడితే మనం మెంబర్ అయిపోయినట్టేనని, మెంబర్ అంటే నెలనెలా బాక్సు పంపి డబ్బు తీసుకుంటారని రాసి ఉన్నది మాత్రం నిబంధనల పేజీలో, వేలు నొప్పి పుట్టేదాకా కిందికి జరిపితే తగిలే చోట. డబ్బు కట్టే పేజీలో ఆ ముక్క లేదు. తర్వాత వచ్చిన మెయిల్‌లో పైన 'మీ ఆర్డర్ కన్ఫర్మ్ అయింది' అని పెద్ద అక్షరాలు. మెయిల్ అంతా అయిపోయాక, ఆఫీసు అడ్రసు కింద, తెల్ల పేజీ మీద లేత బూడిద రంగులో ఒకే ఒక లైను: 'మీ తర్వాతి బాక్సు సిద్ధమవుతోంది.' ఫోన్ వెలుతురు పూర్తిగా పెంచితే తప్ప ఆ లైను కంటికి ఆనదు.

ఆ తర్వాతి బాక్సు వచ్చినప్పుడు నేను ఇంట్లో లేను, అత్తయ్య తీసుకున్నారు. కోడలు తెప్పించుకుని ఉంటుందిలే అనుకున్నారు, నా పేరు, మా అడ్రసు, డబ్బు ముందే కట్టేసినట్టు స్టిక్కరు ఉంటే ఎవరైనా అలాగే అనుకుంటారు. నేను వచ్చి చూసి, ఇది నేను పెట్టలేదే అని కార్డు స్టేట్‌మెంట్ తెరిస్తే అందులో ఆ సర్వీసు పేరుతో ఒక్క ఎంట్రీ కూడా లేదు. వాళ్లు బిల్లు వేసేది మనకు తెలిసిన పేరు మీద కాదు, మనం ఎన్నడూ వినని ఇంకో కంపెనీ పేరును కుదించిన పొడి అక్షరాల మీద. అమౌంట్లు పక్కపక్కన పెట్టి పోల్చుకుంటే గానీ అది ఈ బాక్సుదేనని తేలలేదు. దీన్ని పొరపాటు అనుకోవడానికి నాకు మనసు ఒప్పడం లేదు, స్టేట్‌మెంట్ చూసే మనిషి గుర్తుపట్టలేని పేరు ఉంటే ఎన్ని నెలలు గడిచినా ఎవరూ అడగరు కదా. మీ స్టేట్‌మెంట్‌లో అలాంటి అర్థంకాని పేరు కనిపిస్తే, చిన్న మొత్తమే కదా అని వదిలెయ్యకండి. ఆ అక్షరాల్ని ఉన్నవి ఉన్నట్టు సెర్చ్‌లో కొట్టండి, చాలాసార్లు అసలు కంపెనీ బయటపడుతుంది. బయటపడకపోతే బ్యాంకుకు ఫోన్ చేసి అడగండి, మన స్టేట్‌మెంట్‌లో కనిపించే దానికన్నా ఎక్కువ వివరాలు వాళ్ల దగ్గర ఉంటాయి.

వచ్చిన బాక్సు సంగతి అలా ఉంటే, రాని బాక్సుది ఇంకా దారుణం. యాప్‌లో 'డెలివర్డ్' అని ఆకుపచ్చ టిక్కు ఉంది, కార్డులో డబ్బు కట్ అయింది, ఇంట్లో మాత్రం బాక్సు లేదు. రుజువు కింద డెలివరీ ఫోటో పెట్టారు, తెరిచి చూశాను. నీలం రంగు తలుపు, దాని ముందు చిన్నపిల్లల చెప్పుల జత, పక్కన మనీప్లాంట్ కుండీ, ఆ కుండీకి ఆనించి బాక్సు. మా తలుపు చెక్క రంగు. మా ఇంట్లో ఆ సైజు చెప్పులు వేసుకునే పిల్లలు లేరు. ఎవరింటి ముందో పెట్టి ఫోటో తీసి, దానికి నా కార్డు మీద బిల్లు వేశారు. మా తలుపు ఫోటో తీసి రెండూ కలిపి పంపాను. 'డెలివరీ అయినట్టు మా పార్ట్‌నర్ ధ్రువీకరించారు మేడమ్' అని జవాబు వచ్చింది. రెండు ఫోటోల్లో తలుపులు వేరువేరుగా ఉన్నాయి కదండీ, ఒక్కసారి చూడండి అంటే అదే వాక్యం అక్షరం మారకుండా మళ్లీ పంపారు.

కస్టమర్ కేర్‌కు ఫోన్ నంబరు లేదు, చాట్ ఒక్కటే. ముందు బాట్ పలకరిస్తుంది. 'నా బాక్సు ఎక్కడుంది', 'వస్తువు మార్చాలి', 'అడ్రసు మార్చాలి' అని ఆప్షన్లు ఇస్తుంది. 'నేను ఇది ఆర్డర్ చెయ్యలేదు' అనే ఆప్షన్ ఎక్కడా లేదు. ఏదో ఒకటి నొక్కి, నొక్కిందే నొక్కి, చివరికి మనిషి దొరికాక మాటలు ఇలా సాగాయి.

'మేడమ్, మీ అకౌంట్‌లో మెంబర్‌షిప్ యాక్టివ్‌గా ఉంది.'

'నేను తీసుకోలేదండీ.'

'సిస్టమ్‌లో తీసుకున్నట్టు చూపిస్తోంది మేడమ్.'

'ఏ రోజు, ఏ పేజీలో, ఏ బటన్ నొక్కి తీసుకున్నానో ఆ రికార్డు పంపండి.'

'అది ఇంటర్నల్ డేటా మేడమ్, షేర్ చెయ్యలేం.'

ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు, తన స్క్రీన్ మీద కనిపించేదే తను చెప్తాడు, అంతకు మించి చేసే అధికారం అతనికి ఇచ్చి ఉండరు. కానీ ఆ చివరి జవాబు దగ్గరే ఉంది మొత్తం విషయం. నేను ఆర్డర్ చెయ్యలేదని నేనెలా రుజువు చెయ్యను? చెయ్యని పనికి రసీదు ఉండదు. చేశానని అంటున్నది వాళ్లు, డబ్బు తీసుకున్నది వాళ్లు, క్లిక్కుల రికార్డంతా వాళ్ల దగ్గరే ఉంది. చూపించాల్సిన బాధ్యత వాళ్లది. ఈ ఒక్క మాట మీద గట్టిగా నిలబడితే సగం గొడవ అక్కడే తేలిపోతుందని నాకు ఆలస్యంగా అర్థమైంది. అంతదాకా 'నేను చెయ్యలేదు', 'చేశారు' అనుకుంటూ చాట్‌లో అరిగిపోయిన రికార్డులా తిరిగాం.

తర్వాత ఇంకో వాదన తెచ్చారు: 'మీ ఇంట్లో వాళ్లు బాక్సు తీసుకున్నారు కదా, తీసుకున్నారంటే ఒప్పుకున్నట్టే.' ఇది వినగానే చాలామంది మెత్తబడిపోతారు, నిజమే కాబోలు అనుకుంటారు. నిజం కాదు. అడగని సరుకు పంపించి డబ్బు వసూలు చేసే వ్యాపారం చాలా పాతది, అందుకే దాని మీద చట్టాలూ పాతవే. అమెరికాలో 1970లో వచ్చిన పోస్టల్ చట్టం ప్రకారం అడగకుండా పోస్టులో వచ్చిన వస్తువును బహుమతిగా ఉంచేసుకోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తిప్పి పంపక్కర్లేదు. బ్రిటన్‌లో 1971లోనే దీనికంటూ చట్టం చేశారు. యూరప్ యూనియన్ 2011 వినియోగదారుల హక్కుల డైరెక్టివ్‌లో 27వ ఆర్టికల్ ఇంకా సూటిగా ఉంటుంది: అడగని సరుకుకు డబ్బు కట్టక్కర్లేదు, దాని గురించి వినియోగదారుడు మౌనంగా ఉన్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. అత్తయ్య గుమ్మం దగ్గర బాక్సు అందుకోవడం నా సంతకం ఎలా అవుతుంది?

అయితే ఇక్కడో మెలిక ఉంది, అది తెలియకపోతే దెబ్బతింటాం. ఆ రక్షణంతా 'అడగని' సరుకుకే. అందుకే ఇలాంటి కంపెనీలు 'మీరు ఒప్పుకున్నారు' అన్న ఒక్క మాట పట్టుకుని వదలవు. కూపన్ నొక్కడాన్నీ, ముందే టిక్కు పెట్టి ఉన్న పెట్టెనీ, మనం చదవని పేజీనీ చూపించి అదే ఒప్పుకోలు అంటారు. దీనికీ జవాబు ఉంది. భారత్‌లో 2020 ఈ-కామర్స్ నియమాలు ఏమంటాయంటే, కొనేవాడి సమ్మతి అతను స్పష్టంగా, తానై చేసిన పని ద్వారానే నమోదు కావాలి, ముందే టిక్కు పెట్టిన పెట్టెల లాంటి వాటితో దానంతట అది నమోదు కాకూడదు. ఫిర్యాదు అందిన 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి అని కూడా అందులోనే ఉంది. 2023 నవంబరులో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు 13 రకాల మోసపు డిజైన్లను పేరు పెట్టి నిషేధించాయి, వాటిలో సబ్‌స్క్రిప్షన్ ట్రాప్, అంటే చేరాక బయటపడటం కష్టం చెయ్యడం ఒకటి, మనం ఎంచుకోని దాన్ని చివరి బిల్లులో కలిపెయ్యడం ఇంకొకటి. యూరప్‌లోనైతే డబ్బు కట్టాల్సి వస్తుందని ఆర్డర్ బటన్ మీదే తేలిగ్గా చదవగలిగేలా రాయాలి, రాయకపోతే ఆ ఆర్డర్ వినియోగదారుణ్ణి కట్టిపడెయ్యదు. నేను చాట్‌లో వాదించడం ఆపి, స్క్రీన్‌షాట్ జతచేసి, 'ఏ క్లిక్కుతో నా సమ్మతి తీసుకున్నారో చూపండి' అని ఆ కంపెనీ ఫిర్యాదుల అధికారికి మెయిల్ పెట్టాక గానీ గొంతు మారలేదు.

ఇక క్యాన్సిల్ చెయ్యడం. యాప్‌లో 'ప్లాన్ ఆపండి' అని వెతికితే కనిపించదు. ప్రొఫైల్, అందులో సెట్టింగ్స్, అందులో 'డెలివరీ ఇష్టాలు', అందులో 'షెడ్యూల్ మార్చండి', దాని అడుగున చిన్న లింకు. అది నొక్కితే 'వెళ్లిపోతున్నారా? మీ లాభాలన్నీ పోతాయి' అని ఒక పేజీ, తర్వాత కారణం అడిగే పేజీ, తర్వాత డిస్కౌంట్ ఇస్తామనే పేజీ. ఆ డిస్కౌంట్ పేజీలో నిండు రంగులో పెద్ద బటన్ 'ఈ నెల స్కిప్ చెయ్యండి', దాని కింద గీత కూడా లేని మామూలు అక్షరాల్లో 'కొనసాగించు'. మీరే చెప్పండి, 'కొనసాగించు' అంటే ప్లాన్ కొనసాగించడమా, క్యాన్సిల్ చెయ్యడం కొనసాగించడమా? రెండోదట. అలసిపోయిన మనిషి పెద్ద బటనే నొక్కుతాడు. స్కిప్ అంటే ఒక్క నెలకే, పై నెల మళ్లీ బాక్సు బయల్దేరుతుంది, మళ్లీ బిల్లు. మా ఆఫీసులో ఒకావిడకు సరిగ్గా ఇదే జరిగింది, ఆపేశాననుకుని నిశ్చింతగా ఉంది, బిల్లు మాత్రం ఆగలేదు. క్యాన్సిల్ చేశాక మెయిల్ రాకపోతే క్యాన్సిల్ కానట్టే అనుకోండి. మెయిల్ వచ్చేదాకా ఆ స్క్రీన్లు మూసెయ్యకండి, ప్రతి పేజీకీ స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఈ 'వద్దు అని చెప్పకపోతే కావాలన్నట్టే' పద్ధతి యాప్‌లతో పుట్టింది కాదు. అమెరికాలో 1926లో మొదలైన ఒక బుక్ క్లబ్బు నెలకో పుస్తకం ఇలాగే పంపేది, వద్దని ముందే కార్డు ముక్క రాసి పంపితేనే ఆగేది. 1973లో అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దీనికి ఒక నియమం పెట్టింది, సరుకు పంపే ముందు తెలియజేయాలి, వద్దని చెప్పడానికి కనీసం 10 రోజులు టైమ్ ఇవ్వాలి అని. కాగితాల కాలంలోనే అంత గడువు ఇచ్చేవాళ్లు! ఇప్పుడు క్షణంలో మెసేజ్ పంపగలిగిన కంపెనీ బాక్సు బయల్దేరాక, డబ్బు కట్ అయ్యాక చెప్తోంది. చేరినంత సులువుగా బయటికి రానివ్వాలంటూ అదే కమిషన్ 2024లో కొత్త నియమం తెచ్చింది గానీ, 2025 జులైలో అప్పీల్స్ కోర్టు విధానపరమైన కారణంతో దాన్ని కొట్టేసింది. నాకు ఆ వార్త చదివి నిజంగా బాధేసింది. క్యాన్సిల్ బటన్ కనిపించేలా పెట్టడం అనేది ఇంత పోరాడాల్సిన విషయమా?

బ్యాంకు దగ్గరికి వెళ్లేవాళ్లకు ముఖ్యంగా ఒక మాట. 'ఎవరో నా కార్డు వాడేశారు' అని ఫిర్యాదు రాయకండి. ఒకసారి ఆ కంపెనీకి మీరే కార్డు ఇచ్చి కొన్నారు కాబట్టి, వాళ్లు ఆ పాత ఆర్డర్ చూపించి, మనిషీ అదే, ఫోనూ అదే, అడ్రసూ అదే అంటారు, కేసు పోతుంది. ఉన్నది ఉన్నట్టు రాయండి. రాని బాక్సుకు 'సరుకు అందలేదు', ఆపమన్నాక కూడా లాగిన డబ్బుకు 'క్యాన్సిల్ చేసినా మళ్లీ మళ్లీ చార్జ్ చేశారు'. వీసా కార్డు సంస్థ లెక్కలో ఈ రెండింటికీ వేరువేరు కోడ్‌లే ఉన్నాయి, 13.1, 13.2. బ్యాంకు ఫారంలో సరైన గడి ఎంచుకుంటే పని తొందరగా కదులుతుంది. గడువు సాధారణంగా 120 రోజులు ఉంటుంది గానీ బ్యాంకులు ఇంకా ముందే అడుగుతాయి. అమెరికాలో ఉన్నవాళ్లకు క్రెడిట్ కార్డు బిల్లు తప్పుగా ఉందని రాతపూర్వకంగా చెప్పడానికి ఆ తప్పు కనిపించిన మొదటి స్టేట్‌మెంట్ పంపినప్పటి నుంచి 60 రోజులు. కాబట్టి కంపెనీ చాట్‌లో 'ఎస్కలేట్ చేశాం, ఓపిక పట్టండి' అంటూ కాలం గడుపుతుంటే ఆ ఓపికలో మీ గడువు కరిగిపోతుంది. రెండూ ఒకేసారి మొదలుపెట్టండి.

కార్డు బ్లాక్ చేసి కొత్తది తీసుకుంటే సరిపోతుంది కదా అని మా తమ్ముడు అన్నాడు, నేనూ అదే అనుకున్నాను. బ్యాంకులో ఒకాయన విడమర్చి చెప్పారు, కొత్త కార్డు వచ్చినా పాత ఆటో డెబిట్ దాని మీదికి మారిపోయే వీలుంది. వీసాకీ మాస్టర్‌కార్డ్‌కీ కార్డు వివరాలు మారితే వ్యాపారులకు దానంతట అదే అప్‌డేట్ చేసే ఏర్పాటు ఉంది, కరెంటు బిల్లు లాంటివి ఆగిపోకూడదని పెట్టిన సౌకర్యం అది, ఇలాంటి బాక్సులకూ పనికొస్తోంది. అందుకని కార్డు మార్చడం కన్నా ఆ ఒక్క వ్యాపారికి ఉన్న మాండేట్‌ను, అంటే ఆటో డెబిట్ అనుమతిని, రద్దు చెయ్యమని బ్యాంకును అడగడం మేలు. భారతీయ కార్డుల విషయంలో ఇంకో తోడు ఉంది: 2021 అక్టోబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం మళ్లీ మళ్లీ జరిగే ఆటో డెబిట్‌కు కనీసం 24 గంటల ముందు మనకు మెసేజ్ రావాలి, అందులోనే వద్దనే వీలూ ఉండాలి. బ్యాంకు మెసేజ్‌లు ప్రకటనల గుంపులో కలిసిపోతున్నాయి కాబట్టి వాటిని విడిగా కనిపించేలా పెట్టుకోండి.

నా సంగతికొస్తే, ఫిర్యాదుల అధికారికి మెయిల్, బ్యాంకులో డిస్ప్యూట్ రెండూ పడ్డాక మెంబర్‌షిప్ ఆపేశారు, అత్తయ్య తీసుకున్న బాక్సు డబ్బు వెనక్కి ఇచ్చారు. నా సమ్మతి రికార్డు మాత్రం ఇప్పటికీ పంపలేదు. 'గుడ్‌విల్‌గా రిఫండ్ ఇస్తున్నాం' అని రాశారు. ఆ మాట నాకు అస్సలు నచ్చలేదు, అదే మెయిల్‌కి జవాబుగా రాశాను కూడా: ఇది మీ మంచితనం కాదు, నా డబ్బు. విప్పని బాక్సు ఇంకా మా అలమరలో ఉంది, వాళ్ల ఖర్చుతో తీసుకెళ్లమని చెప్పాను, ఎవరూ రాలేదు.

ఈ సర్వీసు నడిపేవాళ్లు ఎవరైనా చదువుతుంటే: మీ సబ్బు బాగుంది. దాన్ని అమ్ముకోవడానికి ఈ పద్ధతి అక్కర్లేదు. ప్రతి బాక్సుకు ముందు 'పంపమంటారా?' అని ఒక మెసేజ్ పెట్టండి, అవును అన్నవాళ్లకే పంపండి. స్టేట్‌మెంట్‌లో మీ అసలు పేరు కనిపించేలా చూసుకోండి. క్యాన్సిల్ బటన్‌ను మొదటి పేజీలో పెట్టండి. నాకు బాక్సు నచ్చింది కాబట్టి, అలా అడిగి ఉంటే రెండు మూడు నెలలకోసారి నేనే తెప్పించుకునేదాన్ని.

నీలం తలుపు దగ్గర పెట్టిన బాక్సు డబ్బు ఇంకా రాలేదు, బ్యాంకు విచారణలో ఉంది. అది తేలాక ఇక్కడే అప్‌డేట్ పెడతాను, అంతవరకు రేటింగ్ మార్చను.